64 బిట్ లైనక్స్‌లో పాత 32 బిట్ ప్రోగ్రామ్‌ను నడపడం ఎలా?

పాత ప్రోగ్రామ్‌ను కొత్త కంప్యూటర్‌లోకి కాపీ చేసి టెర్మినల్‌లో రన్ చేస్తే 'నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ' అంటుంది. ఫైలేమో కళ్లెదుటే ఉంటుంది, పర్మిషన్లూ సరిగ్గానే ఉంటాయి. ఫైల్ పాడైందనుకుని చాలామంది ఇక్కడే డిలీట్ చేసేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. లైనక్స్ లేదంటున్నది మీ ప్రోగ్రామ్‌ను కాదు, దాన్ని మెమరీలోకి ఎక్కించే లోడర్‌ను. 32 బిట్ ప్రోగ్రామ్ 'లిబ్' ఫోల్డర్‌లో 'ఎల్‌డీ-లైనక్స్.ఎస్ఓ.2' అనే ఫైల్ కోసం వెతుకుతుంది. కొత్త 64 బిట్ సిస్టమ్‌లో సాధారణంగా అది ఉండదు. ఇంటెల్, ఏఎమ్‌డీ 64 బిట్ ప్రాసెసర్లు 32 బిట్ కోడ్‌ను నేరుగానే నడపగలవు కాబట్టి ఎమ్యులేటర్ (వేరే ప్రాసెసర్‌ను అనుకరించే ప్రోగ్రామ్) అక్కర్లేదు. కావలసిందల్లా 32 బిట్ లైబ్రరీలే, అంటే ప్రోగ్రాములు ఉమ్మడిగా వాడుకునే కోడ్ ఫైళ్లే.

కింద చెప్పిన పద్ధతి డెబియన్, ఉబుంటులకు. కమాండ్లను ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో టైప్ చేయాలి.

1. ముందు 'ఫైల్' అని కొట్టి, పక్కన ప్రోగ్రామ్ పేరు ఇవ్వండి. జవాబులో 'ఈఎల్ఎఫ్ 32-బిట్', 'ఇంటెల్' అని ఉంటే ముందుకు వెళ్లండి. ఏఆర్ఎమ్ అనో పవర్‌పీసీ అనో (ఇవి వేరే రకం ప్రాసెసర్లు) ఉంటే ఇది పనిచేయదు, దానికి క్యూఈఎమ్‌యూ లాంటి ఎమ్యులేటర్ కావాలి.

2. 'సుడో డీపీకేజీ --యాడ్-ఆర్కిటెక్చర్ ఐ386' కొట్టండి. వెంటనే 'సుడో ఆప్ట్ అప్‌డేట్' కూడా. ఇది మరిచిపోతే 32 బిట్ ప్యాకేజీలేవీ దొరకడం లేదని ఆప్ట్ (ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే టూల్) చెబుతుంది.

3. 'సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ లిబ్‌సీ6:ఐ386'. లోడర్ ఈ ప్యాకేజీలోనే వస్తుంది. చివరి కోలన్, ఐ386 తప్పనిసరి. అవి లేకపోతే మీ దగ్గర ఇప్పటికే ఉన్న 64 బిట్‌దే అనుకుంటుంది. రెండు రకాల లైబ్రరీలూ వేర్వేరు ఫోల్డర్లలో ఉంటాయి కాబట్టి ఒకదానికొకటి అడ్డు రావు. అయినా 'వై' నొక్కేముందు ఆప్ట్ చూపే జాబితా చదవండి. తొలగించే వాటిలో మీ డెస్క్‌టాప్ ప్యాకేజీలు కనిపిస్తే అక్కడే ఆపేయండి.

4. ఇప్పుడు 'ఎల్‌డీడీ' పక్కన ప్రోగ్రామ్ పేరు ఇస్తే, దానికి కావలసిన లైబ్రరీలన్నీ వరుసగా వస్తాయి. 'నాట్ ఫౌండ్' అన్నవి ఇంకా లేనివి. ఉదాహరణకు 'లిబ్‌ఎక్స్11.ఎస్ఓ.6' లేదంటే 'లిబ్‌ఎక్స్11-6:ఐ386' ఇన్‌స్టాల్ చేయాలి. ఏది ఏ ప్యాకేజీలో ఉందో 'ఆప్ట్-ఫైల్ సెర్చ్' చెబుతుంది. 'నాట్ ఫౌండ్' లైన్లు పోయేదాకా ఇదే పని. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని ప్రోగ్రామ్ మీద మాత్రం ఎల్‌డీడీ వాడకండి, ఒక్కోసారి అది ప్రోగ్రామ్‌లోని కోడ్‌ను నడిపేసే ప్రమాదం ఉంది.

మరీ పాత లైబ్రరీ రిపాజిటరీలో (ఆప్ట్ ప్యాకేజీలు తెచ్చే ఆన్‌లైన్ నిల్వలో) దొరక్కపోతే, ఎక్కడో డౌన్‌లోడ్ చేసి సిస్టమ్ ఫోల్డర్‌లో పడేయకండి. మిగతా ప్రోగ్రాములు కూడా దెబ్బతినొచ్చు. పాత కంప్యూటర్ నుంచి ఆ ఫైల్ తెచ్చి ప్రోగ్రామ్ ఫోల్డర్‌లోనే పెట్టి, 'ఎల్‌డీ_లైబ్రరీ_పాత్' వేరియబుల్‌లో ఆ ఫోల్డర్‌ను చూపిస్తూ ఆ ఒక్క ప్రోగ్రామ్‌నే రన్ చేయండి. ఈ వేరియబుల్ పేరు మాత్రం మొత్తం పెద్ద అక్షరాల్లో ఉండాలి.

ఉబుంటులో 19.10 నుంచి ఎంపిక చేసిన 32 బిట్ ప్యాకేజీలే ఉన్నాయి, అన్నీ దొరకవు. ఫెడోరాలో ఆర్కిటెక్చర్ జోడించే పని లేదు, 'జీలిబ్‌సీ.ఐ686' ఇన్‌స్టాల్ చేస్తే మొదలవుతుంది. ఆర్చ్ లైనక్స్‌లో 'ప్యాక్‌మ్యాన్.కాన్ఫ్' ఫైల్‌లో మల్టీలిబ్ (32 బిట్ ప్యాకేజీల) విభాగం ముందున్న హ్యాష్ గుర్తులు తీసేయాలి.