డీవీడీ నుంచి వీడియో ఫైలు: ఎక్కడ తేడా కొట్టింది, ఎలా సరిచేయాలి

డీవీడీని ఫైలుగా మార్చడంలో రెండు వేర్వేరు పనులున్నాయి. డిస్క్ మీద ఉన్నదాన్ని ఉన్నది ఉన్నట్టు హార్డ్ డిస్క్‌లోకి దించుకోవడం ఒకటి. దించుకున్నదాన్ని ఎంపీ4గానో ఎంకేవీగానో మార్చడం రెండోది. కొత్తవాళ్లు చాలామంది డిస్క్ డ్రైవ్‌లో ఉండగానే కన్వర్టర్ తెరిచి రెండూ ఒక్క దెబ్బకు కానిచ్చేద్దామనుకుంటారు. సగంలో ఆగిపోతే తప్పు డిస్క్‌దో, డ్రైవ్‌దో, సెట్టింగ్‌దో తేలదు.

కాబట్టి ముందు కాపీ చేసుకోండి. విండోస్‌లో ఇమ్‌గ్‌బర్న్, మ్యాక్‌లో డిస్క్ యుటిలిటీ అనే ప్రోగ్రాంలు డిస్క్ మొత్తాన్ని ఒకే ఇమేజ్ ఫైలుగా దించుతాయి. సింగిల్ లేయర్ డిస్క్‌కు 4.7 జీబీ, డబుల్ లేయర్‌కు 8.5 జీబీ దాకా ఖాళీ కావాలి. ఆ కాపీని వీఎల్‌సీ ప్లేయర్‌లో తెరిచి మొదలు, మధ్య, చివర ఆడించి చూడండి. కాపీలోనే తేడా ఉంటే సమస్య డిస్క్ దగ్గరో డ్రైవ్ దగ్గరో ఉంది. కాపీ బాగుండి ఫైలు మాత్రమే పాడైతే సమస్య సెట్టింగ్‌లో ఉంది. కింద చెప్పేవన్నీ ఇంట్లో తీసిన, రికార్డర్‌లో ఎక్కించిన డిస్క్‌ల గురించి. కొన్న సినిమా డిస్క్‌లకు ఎక్కువగా కాపీ రక్షణ ఉంటుంది, దాని చట్టం దేశానికో రకం. వీడియోని ఫైలుగా మార్చడానికి ఇక్కడ వాడే కన్వర్టర్ హ్యాండ్‌బ్రేక్ కూడా తనంతట తాను ఆ తాళం తీయదు.

డిస్క్ పెడితే ఖాళీ అంటోంది, ఫార్మాట్ చేయమంటోంది

ముందుగా ఒక మాట: ఫార్మాట్ నొక్కకండి. డిస్క్ బయటికి తీసి, అడుగు భాగాన్ని లైటు కింద ఏటవాలుగా పట్టుకుని చూడండి. రికార్డు అయిన భాగం మధ్య నుంచి అంచు వైపు కాస్త వేరే రంగులో, ఉంగరంలా కనిపిస్తుంది. ఒకసారే రాయగల డిస్క్‌ల మీద ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. ఉంగరం కనిపిస్తే వీడియో ఉన్నట్టే, డిస్క్‌ని ఫైనలైజ్ చేయలేదంతే. ఫైనలైజ్ అంటే రికార్డింగ్ అంతా అయ్యాక ఇతర యంత్రాలు చదవడానికి కావలసిన పట్టికను డిస్క్ మీద రాసి మూసేయడం. అది జరగని డిస్క్‌ని రికార్డు చేసిన యంత్రం తప్ప మిగతావి ఖాళీగా చూడొచ్చు.

ఆ క్యామ్‌కార్డర్ గానీ రికార్డర్ గానీ పనిచేస్తుంటే డిస్క్ అందులోనే పెట్టి, డిస్క్ సెట్టింగ్స్‌లో ఫైనలైజ్ ఎంచుకోండి. మధ్యలో కరెంటు పోకూడదు. క్యామ్‌కార్డర్‌ని బ్యాటరీ మీద కాకుండా అడాప్టర్ మీద నడపండి. ఆ యంత్రం లేకపోతే ఐసోబస్టర్ లాంటి ప్రోగ్రాం ఇలాంటి డిస్క్‌లను నేరుగా చదవగలదు. అయితే కొన్ని డ్రైవ్‌లు మూయని డిస్క్‌ని అసలు చదవవు, అప్పుడు ఇంకో డ్రైవ్‌లో ప్రయత్నించాలి.

దీన్నే పోలిన ఇంకో చిక్కుంది. డిస్క్ తెరుచుకుంటుంది గానీ మామూలుగా ఉండాల్సిన వీడియో టీఎస్ ఫోల్డర్ ఉండదు, డీవీడీ ఆర్‌టీఏవీ అనే ఫోల్డర్‌లో ఒకే పెద్ద వీఆర్‌ఓ ఫైలు ఉంటుంది. అది వీఆర్ (వీడియో రికార్డింగ్) మోడ్‌లో చేసిన రికార్డింగ్. లోపల ఉన్నది డీవీడీల్లో మామూలుగా వాడే ఎంపెగ్-2 వీడియోనే. ఫైలుని హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసి, పేరు చివర ఎంపీజీ అని మార్చి హ్యాండ్‌బ్రేక్‌కి ఇవ్వండి. రికార్డింగులన్నీ వరసగా అతుక్కుని వస్తాయి, తర్వాత కోసుకోవచ్చు.

చిన్న 8 సెంటీమీటర్ల డిస్క్‌లను ట్రే ఉన్న డ్రైవ్‌లోనే పెట్టాలి. చీలికలోంచి లాక్కునే డ్రైవ్‌లో పెడితే లోపలే ఇరుక్కుపోవచ్చు.

కాపీ సగంలో ఆగుతోంది, డ్రైవ్ టకటకమంటోంది

యూఎస్‌బీ డ్రైవ్ అయితే ముందు కరెంటు సంగతి చూడండి. హబ్ తీసేసి నేరుగా కంప్యూటర్ పోర్టుకే తగిలించండి. చాలినంత కరెంటు అందకపోతే డ్రైవ్ తిరగడం మొదలుపెట్టి ఆగుతూ ఉంటుంది, నింద మాత్రం డిస్క్ మీద పడుతుంది.

తర్వాత మురికి. మెత్తని పీచులేని గుడ్డతో మధ్య నుంచి అంచుకి తిన్నగా తుడవండి, గుండ్రంగా తుడవకండి. డేటా గుండ్రటి దారిలో ఉంటుంది. తుడిచేటప్పుడు గీత పడినా అది దారికి అడ్డంగా పడితే కొద్ది డేటానే పోతుంది, దాన్ని దోష సవరణ పూడ్చగలదు. దారి వెంబడే పడిన గీత ఒకేచోట వరసగా చాలా డేటాని మింగేస్తుంది. పై వైపు, అంటే లేబుల్ వైపు గీతలు సీడీకి ఎక్కువ ప్రమాదం; డీవీడీలో డేటా పొర రెండు ప్లాస్టిక్ పలకల మధ్య ఉంటుంది కాబట్టి అంత ప్రమాదం కాదు.

అయినా చదవకపోతే లినక్స్‌లో, పాడైన డిస్క్‌ల నుంచి డేటా రాబట్టే డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాం వాడండి. సెక్టార్ (డిస్క్ మీద డేటా ఉండే చిన్న ముక్క) సైజు 2048 బైట్లు అని ఇచ్చి, మొదటి విడతలో చదవగలిగిన భాగమంతా దించుకోనివ్వండి, మొండి భాగాలను రెండో విడతకు వదిలేయండి. ఇది ఎంతవరకు చదివిందో ఒక మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది. కాబట్టి అదే డిస్క్‌ని వేరే డ్రైవ్‌లో పెట్టి, అదే మ్యాప్ ఫైలుతో ఆగిన చోట నుంచి కొనసాగించవచ్చు. ఒక డ్రైవ్ చదవలేని సెక్టార్‌ని ఇంకోటి చదివేయడం మామూలే. ఒకే డ్రైవ్‌తో రాత్రంతా కుస్తీ పట్టే బదులు రెండో డ్రైవ్ సంపాదించడమే తెలివైన పని.

ఒక్క ముక్కే మారింది, లేదా మెనూ మాత్రమే వచ్చింది

డీవీడీలో వీడియోని 1 జీబీకి మించని వీఓబీ ఫైళ్లుగా ముక్కలు చేసి పెడతారు. వీటీఎస్_01_0 అనేది మెనూ, అసలు వీడియో వీటీఎస్_01_1 నుంచి మొదలవుతుంది. ముక్క ఎక్కడ తెగుతుందనేది సైజుని బట్టే తప్ప సన్నివేశాన్ని బట్టి కాదు. ఒక్కో వీఓబీని విడిగా కన్వర్టర్‌లో వేస్తే మాట మధ్యలో తెగుతుంది, నిడివి తప్పుగా చూపిస్తుంది. వీఓబీని ముట్టుకోకుండా ఇమేజ్ ఫైలుని గానీ మొత్తం వీడియో టీఎస్ ఫోల్డర్‌ని గానీ తెరవండి. అప్పుడు ప్రోగ్రాం విషయసూచికలాంటి ఐఎఫ్ఓ ఫైళ్లను చూసి ముక్కల వరస తెలుసుకుంటుంది. టైటిల్ (డిస్క్‌లోని ఒక్కో పూర్తి వీడియో) జాబితాలో నిడివి సరిపోయేదాన్ని ఎంచుకోండి. మీ టైటిల్ జాబితాలో లేకపోతే హ్యాండ్‌బ్రేక్ ప్రిఫరెన్సెస్‌లో కనీస నిడివి తగ్గించి మళ్లీ స్కాన్ చేయించండి.

కదిలిన చోటల్లా దువ్వెన పళ్లలాంటి గీతలు

ఎక్కువమందిని తికమకపెట్టేది ఇదే. ఆగి ఉన్న ముఖం బాగుంటుంది, చెయ్యి ఊపితే మాత్రం దాని అంచు దువ్వెనలా చీలిపోతుంది. డిస్క్‌కి ఏమీ కాలేదు. క్యామ్‌కార్డర్లు, టీవీ రికార్డర్లు ఇంటర్‌లేస్డ్ పద్ధతిలో రికార్డు చేస్తాయి. ఒక ఫ్రేమ్‌లో సరి గీతలు ఒక క్షణానివి, బేసి గీతలు తర్వాతి క్షణానివి. పాల్ (భారత్, యూరప్‌లలో వాడిన టీవీ ప్రమాణం) పద్ధతిలో ఆ రెండింటి మధ్య సెకనులో 50వ వంతు ఎడం ఉంటుంది. ఆలోపు చెయ్యి జరిగిపోతుంది కదా, అందుకే గీతలు కలవవు.

హ్యాండ్‌బ్రేక్ ఫిల్టర్స్ ట్యాబ్‌లో డీఇంటర్‌లేస్ (ఈ గీతలను సరిచేసే ఫిల్టర్) దగ్గర యాడిఫ్ గానీ బీడబ్ల్యూడిఫ్ గానీ ఎంచుకోండి. డిఫాల్ట్‌లో సెకనుకి 25 ఫ్రేములు వస్తాయి. బాబ్ ఎంచుకుంటే సరి గీతల సగం నుంచి ఒకటి, బేసి గీతల సగం నుంచి ఒకటి ఫ్రేములు తయారై 50 అవుతాయి, అప్పుడు వీడియో ట్యాబ్‌లో ఫ్రేమ్ రేట్ 50, కాన్‌స్టెంట్ అని పెట్టండి. ఆటలు, నాట్యం, పరిగెత్తే పిల్లలు ఉన్న వీడియోకి బాబ్ పెట్టాల్సిందే. కదలిక టీవీలో చూసినంత నున్నగా వస్తుంది. ఎన్‌టీఎస్‌సీ (అమెరికా, జపాన్‌లలో వాడిన టీవీ ప్రమాణం) డిస్క్‌కి ఈ సంఖ్యలు 29.97, 59.94.

ఒక సంగతి మరవొద్దు: ఈ ఫిల్టర్ లేకుండా మార్చేసి, మూలాన్ని పారేస్తే ఆ దువ్వెన పళ్లు కొత్త ఫైలులో పాతుకుపోతాయి. తర్వాత తీయడం చాలా కష్టం.

మనుషులు సన్నగా పొడుగ్గా, లేదా పొట్టిగా లావుగా

పాల్ డీవీడీలో చిత్రం సాధారణంగా 720x576 పిక్సెళ్లు, ఎన్‌టీఎస్‌సీలో 720x480. 4:3 అయినా 16:9 అయినా అదే సైజు. ఆ పిక్సెళ్లు చతురస్రాలు కావు, ఎంత సాగదీయాలో ప్లేయర్‌కి ఒక గుర్తు చెబుతుంది. మార్పిడిలో ఆ గుర్తు పోతే ఆకారం చెడుతుంది. డైమెన్షన్స్ ట్యాబ్‌లో అనామార్ఫిక్ (ఆ గుర్తుని నిలబెట్టే సెట్టింగ్) ఆటోమేటిక్‌గా ఉంచితే చాలు. గుర్తుని పట్టించుకోని ప్లేయర్ కోసమైతే అనామార్ఫిక్ ఆపేసి, పాల్‌కి 4:3 అయితే 768x576, 16:9 అయితే 1024x576 ఇవ్వండి.

పెదవులకు మాటలకు పొంతన లేదు

తేడా ఎలాంటిదో ముందు కనిపెట్టండి. మొదట్లో ఎంత ఉందో చివర్లోనూ అంతే ఉంటే వీఎల్‌సీలో (విండోస్, లినక్స్‌లలో) జె, కె కీలతో మాటని ముందుకు వెనక్కి జరపండి. ఒక్కో నొక్కుకి 50 మిల్లీసెకన్లు మారుతుంది. కుదిరిన సంఖ్యని ఎంకేవీ ఫైళ్లను కూర్చే ఎంకేవీటూల్‌నిక్స్ ప్రోగ్రాంలో ఆడియో డిలేగా ఇస్తే మళ్లీ మార్పిడి చేసే పనిలేకుండానే సరిపోతుంది. తేడా పోనుపోను పెరుగుతుంటే వీఓబీలను అతికించారేమో చూడండి. మొత్తం ఇమేజ్ నుంచి, ఫ్రేమ్ రేట్ కాన్‌స్టెంట్‌గా పెట్టి మళ్లీ చేయండి. ఒకచోట హఠాత్తుగా తప్పిందంటే అక్కడ డిస్క్ చదవడంలో డేటా పోయి ఉంటుంది. సెట్టింగులు మార్చి లాభం లేదు, కాపీ మళ్లీ తీయాలి.

ఫోన్‌లో బొమ్మ వస్తుంది, శబ్దం రాదు

డీవీడీల్లో ఆడియో తరచుగా ఏసీ-3 (డాల్బీ డిజిటల్) పద్ధతిలో ఉంటుంది, దాన్ని పలికించలేని ఫోన్లున్నాయి. ఆడియో ట్యాబ్‌లో పాస్‌త్రూ (ఆడియోని మార్చకుండా ఉన్నదున్నట్టు పెట్టడం) తీసేసి ఏఏసీ, స్టీరియో, 160 కేబీపీఎస్ పెట్టండి. శబ్దం వస్తున్నా మాటలు మరీ చిన్నగా వినిపిస్తే, ఏసీ-3 ట్రాక్‌కి డీఆర్‌సీ (పెద్ద, చిన్న శబ్దాల మధ్య తేడా తగ్గించే సెట్టింగ్) విలువ 1.5 నుంచి 2.5 మధ్య ఇవ్వండి.

సబ్‌టైటిల్స్ మాయం

డీవీడీ సబ్‌టైటిల్స్ అక్షరాలు కావు, బొమ్మలు. ఎంపీ4లో వాటిని చూపించలేని ప్లేయర్లు చాలా. ఎంకేవీ ఎంచుకోండి, లేదా బర్న్ ఇన్ చేసి చిత్రంలోనే కలిపేయండి. కలిపాక మళ్లీ విడదీయలేరు.

ఫైలు మరీ పెద్దది, లేదా మరీ మసక

వీడియోని కుదించే పద్ధతిగా హెచ్.264 వాడుతూ, నాణ్యతని నిర్ణయించే క్వాలిటీ ఆర్ఎఫ్ సంఖ్య 18 నుంచి 22 మధ్య ఉంచండి. సంఖ్య తగ్గేకొద్దీ ఫైలు పెరుగుతుంది. పాత టేపు నుంచి ఎక్కించిన గరుకు వీడియోకి అదే సంఖ్య మీద కూడా సైజు బాగా పెరుగుతుంది, ఆ గరుకుని కూడా ఎన్‌కోడర్ వివరమే అనుకుంటుంది కాబట్టి. గరుకు తగ్గించే డీనాయిజ్ ఫిల్టర్ కొద్దిగా పెడితే తగ్గుతుంది. 1080కి పెంచితే సైజు పెరుగుతుందే గానీ డిస్క్‌లో లేని వివరం రాదు. 4 జీబీ దాటిన ఫైలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కకపోతే అది ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్ హద్దు. డ్రైవ్‌లో ఉన్నవి పక్కకు తీసి దాన్ని ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేయండి.