పీఆర్ఎఫ్ తయారీ, వాడకం: కొత్తగా మొదలుపెట్టే దంతవైద్యులకు

పీఆర్ఎఫ్ అంటే ప్లేట్‌లెట్ రిచ్ ఫైబ్రిన్: రోగి రక్తాన్నే యంత్రంలో తిప్పి తీసి, గాయం మానడానికి పెట్టే గడ్డ. ఫైబ్రిన్ అంటే రక్తం గడ్డకట్టేటప్పుడు వలలా అల్లుకునే ప్రొటీన్. చిగుళ్ల శస్త్రచికిత్స నేర్చుకోవడానికి నా దగ్గరికి వచ్చే జూనియర్ డాక్టర్లు పీఆర్ఎఫ్ గురించి మొదట అడిగేది ఒకటే: "మేడమ్, ఎన్ని ఆర్‌పీఎమ్‌లో, ఎన్ని నిమిషాలు తిప్పాలి?" ఆర్‌పీఎమ్ అంటే యంత్రం నిమిషానికి తిరిగే చుట్లు. జవాబు చెబుతాను. కానీ అంతకన్నా ముందు అడగవలసిన ప్రశ్నలు రెండున్నాయి. రక్తం ఏ ట్యూబులో పడుతోంది? నరంలో సూది పెట్టాక ఆ ట్యూబు యంత్రంలోకి చేరడానికి ఎంతసేపు పడుతోంది? ఈ రెండూ కుదరకపోతే ఎంత ఖరీదైన సెంట్రిఫ్యూజ్ (రక్తం తిప్పే యంత్రం) కొన్నా మంచి ఫైబ్రిన్ గడ్డ చేతికి రాదు.

ఎందుకో తెలియాలంటే ఈ పద్ధతి పుట్టుక తెలియాలి. పీఆర్ఎఫ్ కన్నా ముందు వచ్చింది ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉండే ప్లాస్మా, అంటే పీఆర్‌పీ. 1998లో అమెరికాలో మార్క్స్ బృందం దవడ ఎముక గ్రాఫ్టులలో (ఎముక అతుకులలో) దాన్ని వాడి ఫలితాలు ప్రచురించాక దంతవైద్యంలో దానికి పేరొచ్చింది. అందులో రక్తం గడ్డకట్టకుండా ముందు ఒక మందు కలపాలి, తర్వాత గడ్డకట్టించడానికి కాల్షియం క్లోరైడు, పశువుల నుంచి తీసిన త్రాంబిన్ కలపాలి. 2001లో ఫ్రాన్స్‌లో జోసెఫ్ షుక్రూన్ ఇవన్నీ పక్కన పెట్టారు. ఏమీ కలపకుండా రక్తం తీసి వెంటనే తిప్పితే, తిరుగుతుండగానే అది నెమ్మదిగా గడ్డకట్టి, ప్లేట్‌లెట్లను, తెల్లకణాలను ఫైబ్రిన్ వలలో పట్టి ఉంచుతుంది. ఆ వల నుంచి పీడీజీఎఫ్, టీజీఎఫ్-బీటా, వీఈజీఎఫ్ వంటి పెరుగుదల కారకాలు వారం రోజులకు పైగా మెల్లగా విడుదలవుతాయి. ఏ మందూ కలపలేదు కాబట్టి రక్తం ట్యూబులో పడ్డ క్షణం నుంచే గడ్డకట్టడం మొదలవుతుంది. మన తొందరంతా అందుకే. ఆలస్యమైతే ఫైబ్రిన్ ట్యూబు నిండా ఎక్కడికక్కడ పట్టేస్తుంది, యంత్రం దాన్ని పొరలుగా విడదీయలేదు.

ఎవరికి చేయాలి

రక్తం తీస్తామని ముందు రోజు చెబితే మనవాళ్లలో చాలామంది పరగడుపున వచ్చేస్తారు, షుగరు పరీక్ష అనుకుని. ఖాళీ కడుపుతో ఉన్న మనిషికి రక్తం తీసి, ఆపైన మత్తు సూది ఇస్తే కళ్లు తిరిగి పడిపోవచ్చు. అందుకని ఫోనులోనే గట్టిగా చెప్పండి: ఇడ్లీ తిని రండి, పూరీలు వద్దు. నూనె ఎక్కువగా ఉన్న భోజనం తర్వాత ప్లాస్మా పాలలా తెల్లగా వస్తుంది, పొరల మధ్య సరిహద్దు కనబడదు.

వానకాలంలో, ఆ తర్వాత నెలల్లోనూ ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: ఈమధ్య జ్వరం వచ్చిందా? డెంగీ నుంచి కోలుకుంటున్నవారి ప్లేట్‌లెట్లు ఇంకా తక్కువగా ఉండవచ్చు. సీబీసీ (రక్తకణాల లెక్క) చూడకుండా కత్తి పట్టవద్దు. అత్యవసరం కాకపోతే కొన్ని వారాలు వాయిదా వేస్తే పోయేదేమీ లేదు.

గుండె జబ్బుకు ఆస్పిరిన్ వాడేవారిలోనూ పీఆర్ఎఫ్ తయారవుతుంది. పీఆర్ఎఫ్ కోసమని ఆస్పిరిన్ ఆపించకండి. వార్ఫరిన్ వాడేవారి రక్తం గడ్డకట్టడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది, గడ్డ చిన్నదిగా, మెత్తగా రావచ్చు. ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే సమయం చూపే పరీక్ష) చూసుకుని, గుండె డాక్టరుతో మాట్లాడాకే ముందుకు వెళ్లండి. రక్త క్యాన్సర్లు, ప్లేట్‌లెట్ల పనితీరులో లోపాలు ఉన్నవారికి ఇది వద్దు. షుగరు అదుపులో లేనివారికి, పొగతాగడం మాననివారికి ముందు ఆ సంగతి తేల్చాలి. మానని గాయాన్ని రెండు ఫైబ్రిన్ పొరలు మాన్పుతాయని ఆశ పెట్టడం అన్యాయం.

రక్తం ఎందుకు తీస్తున్నామో రోగికి ముందుగా చెప్పి, అంగీకార పత్రం మీద సంతకం తీసుకోండి. ఒక పెద్దాయన నన్ను అడిగారు: "పన్ను నొప్పికి వస్తే చేతికి సూది ఎందుకమ్మా?" "బాబాయ్ గారూ, మీ రక్తంలోనే గాయాన్ని మాన్పే సరుకుంది. అది కొంచెం తీసి పన్ను తీసిన చోట పెడతాను. బయటి మందేమీ కలపను" అని చెబితే వెంటనే చెయ్యి చాపారు. జనానికి అర్థమయ్యే విషయమే ఇది, మనం చెప్పాలంతే.

ట్యూబు, సూది, గడియారం

ఊదా మూత ట్యూబులో ఈడీటీఏ, లేత నీలం మూత ట్యూబులో సిట్రేట్ ఉంటాయి. వాటిలో పడ్డ రక్తం గడ్డకట్టదు, పీఆర్ఎఫ్‌కు పనికిరాదు. ఎర్రమూత చూసి నమ్మేయకండి. ఎర్రమూత ప్లాస్టిక్ ట్యూబులు చాలావాటిలో గడ్డకట్టించే సిలికా పూత ఉంటుంది. ఆ సిలికా రేణువులు ఫైబ్రిన్‌లో కలిసి గాయంలోకి వెళతాయని జపాన్ పరిశోధకులు చూపించారు. ఏ పూతా, ఏ మందూ లేని గాజు ట్యూబు తీసుకోండి. గడ్డ కోసం తీసే రక్తానికి నేను వాడేది అదొక్కటే. పెట్టెమీద రాసింది చదివి కొనండి, సరఫరాదారు మాట విని కొనకండి. ట్యూబులను ఏసీ గాలి నేరుగా తగిలే చోట చల్లబడనివ్వవద్దు. చల్లదనం గడ్డకట్టడాన్ని మందగింపజేస్తుంది.

మోచేతి మడతలో కనబడే నరం మంచిది. 21 గేజి బటర్‌ఫ్లై సూదితో తీయండి. రబ్బరు పట్టీ నిమిషం కన్నా ఎక్కువసేపు బిగించి ఉంచవద్దు. నరం దొరకక రెండు మూడు సార్లు గుచ్చితే కణజాలం నలిగి రక్తం ముందే గడ్డకట్టడం మొదలుపెడుతుంది. అందుకే మీకు నరం పట్టే అలవాటు తక్కువైతే పక్క లాబ్ నుంచి అనుభవం ఉన్న టెక్నీషియన్‌ను పిలిపించుకోండి. ఇది చిన్నతనం కాదు, రోగి మీద గౌరవం.

యంత్రం మూత ముందే తెరిచి ఉండాలి, సమయం, వేగం ముందే పెట్టి ఉండాలి. మొదటి ట్యూబు నిండడం మొదలైనప్పటి నుంచి మీట నొక్కేవరకు నిమిషం, మహా అయితే నిమిషంన్నర. అందుకని ఒకేసారి ఎనిమిది ట్యూబులు నింపాలని చూడకండి. నాలుగు చాలు. ఎదురెదురుగా సమాన బరువుతో పెట్టాలి. ట్యూబులు బేసి సంఖ్యలో వస్తే ఒక ట్యూబులో అంతే నీళ్లు నింపి జత చేయండి. యంత్రానికి ఇన్వర్టర్ కనెక్షన్ తప్పనిసరి. మధ్యలో కరెంటు పోయి ఆగిన ట్యూబును మళ్లీ తిప్పినా లాభం లేదు, కొత్తగా రక్తం తీయవలసిందే.

ఇక ఆర్‌పీఎమ్ లెక్క

మూల పద్ధతిలో 2700 ఆర్‌పీఎమ్, 12 నిమిషాలు. తర్వాత తక్కువ వేగం పద్ధతులు వచ్చాయి: ఎ-పీఆర్ఎఫ్ ప్లస్ అనే దానికి 1300 మీద 8 నిమిషాలు, ద్రవరూపంలో ఉండే ఐ-పీఆర్ఎఫ్‌కు 700 మీద 3 నిమిషాలు. ఈ అంకెలు గోడమీద రాసిపెట్టుకుని ఏ యంత్రంలో పడితే ఆ యంత్రంలో వాడటమే మన దగ్గర జరుగుతున్న పెద్ద పొరపాటు. రక్తం మీద పనిచేసేది వేగం కాదు, బలం. ఆ బలం యంత్రం వ్యాసార్ధాన్ని బట్టి మారుతుంది. లెక్క కష్టమేమీ కాదు: ఆర్‌పీఎమ్‌ను 1000తో భాగించి వర్గం చేయండి, దాన్ని సెంటీమీటర్లలో వ్యాసార్ధంతో, 11.18తో గుణించండి. యంత్రం ఇరుసు నుంచి, తిరిగేటప్పుడు ట్యూబు అడుగు ఉండే చోటు వరకు ఉన్న దూరమే వ్యాసార్ధం.

8.6 సెంటీమీటర్ల యంత్రంలో 2700 ఆర్‌పీఎమ్ అంటే ట్యూబు అడుగున సుమారు 700 జి (భూమి ఆకర్షణకు 700 రెట్లు). అదే 2700ను 11 సెంటీమీటర్ల లాబ్ యంత్రంలో పెడితే దాదాపు 900 జి అవుతుంది. ఆ పెద్ద యంత్రంలో 2400 పెడితే మళ్లీ 700 దగ్గరికి వస్తుంది. స్కేలు తీసుకుని మీ యంత్రాన్ని ఈరోజే కొలవండి. కొలిచిన అంకెను యంత్రం మీదే అంటించండి.

గడ్డను పొరగా మార్చడం

ఆగిన ట్యూబులో మూడు భాగాలు కనిపిస్తాయి. పైన పలుచని ప్లాస్మా, మధ్యలో పసుపుపచ్చని ఫైబ్రిన్ గడ్డ, అడుగున ఎర్రకణాలు. మూత తీసి కొన్ని నిమిషాలు ఆగి, శుభ్రమైన ఫోర్సెప్స్‌తో గడ్డను పైకి లాగి, ఎర్రభాగాన్ని కత్తెరతో వేరుచేయండి. కత్తెర ఎక్కడ పెడుతున్నారో చూసుకోండి. ప్లేట్‌లెట్లు, తెల్లకణాలు ఎక్కువగా ఉండేది పసుపు, ఎరుపు కలిసే చోటే. శుభ్రంగా ఉండాలని ఎరుపు మొత్తం కోసేస్తే విలువైన భాగం చెత్తలో పడుతుంది. ఒకటి రెండు మిల్లీమీటర్ల ఎరుపు గడ్డకే ఉండనివ్వండి.

తర్వాత పీఆర్ఎఫ్ పెట్టెలోని చిల్లుల పళ్లెం మీద పరిచి, దాని మూత బరువు మాత్రమే పడనివ్వాలి. గాజుగుడ్డ మధ్య పెట్టి తడి బట్ట పిండినట్టు పిండేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది. బయటికి కారే ఆ ద్రవంలోనూ ఫైబ్రొనెక్టిన్, విట్రొనెక్టిన్ అనే, గాయం మానడానికి తోడ్పడే ప్రొటీన్లు ఉంటాయి. పెట్టె అడుగున చేరిన ద్రవంతో గ్రాఫ్టును తడపండి, పారబోయకండి. తయారైన పొరలను ఎండిపోనివ్వకుండా పెట్టె మూసి ఉంచండి.

ఎక్కడ ఎలా పెట్టాలి

అన్నిచోట్లా ముందు పని ఒకటే: శుభ్రం చేయడం. పీఆర్ఎఫ్ పళ్ల గారను కరిగించదు, చీమును తీసేయదు. వేరు మీద గార మిగిలిపోయి, దానిమీద పొర కప్పితే ఇన్ఫెక్షన్‌కు దుప్పటి వేసినట్టే.

కింది దవడ జ్ఞానదంతం తీసిన గుంటలో పీఆర్ఎఫ్ బాగా పనిచేస్తుంది. డ్రై సాకెట్ (గుంటలో రక్తపు గడ్డ ఊడి ఎముక బయటపడటం) బెడద, మొదటి రోజుల నొప్పి తగ్గడం దీని ముఖ్య లాభాలు. గుంటను గీకి, సెలైన్‌తో కడిగి, గోడల నుంచి తాజా రక్తం రావడం చూశాక రెండు మూడు గడ్డలను మెల్లగా దించండి. పైన ఒక పొర కప్పి, అడ్డంగా గుణకారం గుర్తులా కుట్టండి. గట్టిగా కూరవద్దు.

వేరు పక్కన ఎముక నిలువుగా కరిగిన గుంటల్లో, ముఖ్యంగా మూడు గోడలు మిగిలి ఉన్నవాటిలో, ఫ్లాప్ (చిగురును తెరిచి శుభ్రం చేయడం) మాత్రమే చేసినదానికన్నా పీఆర్ఎఫ్ తోడైనప్పుడు ఫలితం మెరుగు. బెంగళూరు ప్రభుత్వ దంత కళాశాలలో ఎ.ఆర్. ప్రదీప్ బృందం 2011లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయంలో ఇప్పటికీ చదవదగినది. గుంట వెడల్పుగా ఉంటే ఎముక గ్రాఫ్టు కలపండి. ముంబైలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి టిష్యూ బ్యాంకు ఇచ్చే, ఖనిజాలు తీసి ఎండబెట్టిన మానవ ఎముక పొడి అయిన డీఎఫ్‌డీబీఏ మన కళాశాలల్లో అందరికీ పరిచయమే. పీఆర్ఎఫ్ పొరను సన్నని ముక్కలుగా కత్తిరించి గ్రాఫ్టులో కలిపి, ఐ-పీఆర్ఎఫ్ కొంచెం పోస్తే కొన్ని నిమిషాల్లో ముద్దగా పట్టుకుంటుంది, గుంటలోంచి జారదు. ఐ-పీఆర్ఎఫ్‌కు మాత్రం పూత లేని ప్లాస్టిక్ ట్యూబు కావాలి. పది పదిహేను నిమిషాల్లో అదీ గడ్డకడుతుంది కాబట్టి గుంట శుభ్రం చేయడం పూర్తయ్యాకే రక్తం తీయండి.

అంగిలి నుంచి చిగురు ముక్క తీసిన గాయం మీద పీఆర్ఎఫ్ పెట్టడం నాకు అన్నిటికన్నా ఇష్టమైన వాడకం. ఆ గాయం రోగిని అన్నం తిననివ్వదు, నిద్రపోనివ్వదు. పొరను రెండు మడతలు చేసి గాయం మీద పరిచి అడ్డకుట్లతో బిగిస్తే మర్నాడు ఫోనులో వినిపించే గొంతులోనే తేడా తెలుస్తుంది.

చిగురు కిందికి జారిన చోట కప్పడానికి పీఆర్ఎఫ్‌ను కనెక్టివ్ టిష్యూ గ్రాఫ్టుకు (అంగిలి నుంచి తీసి అతికించే ముక్కకు) సమానమని చెప్పకండి. గట్టి చిగురు వెడల్పు పెరగాలంటే గ్రాఫ్టే మేలు. అంగిలి కోయించుకోవడానికి ఒప్పుకోని రోగికి మాత్రం మూడు నాలుగు పొరలు ఒకదానిమీద ఒకటి పేర్చి వాడతాను. అలాగే, ఎముకను విస్తారంగా పెంచే శస్త్రచికిత్సల్లో కొలాజెన్ పొర బదులు దీన్ని వాడవద్దు. రెండు వారాలు తిరగకుండానే ఇది కరిగిపోతుంది. ఎముక పెరిగే చోటును కాపాడటానికి అంత తక్కువ కాలం చాలదు.

ఇంటికి పంపేటప్పుడు

మొదటి రోజు ఉమ్మకూడదు, పుక్కిలించకూడదు. కొబ్బరినీళ్లు తాగవచ్చు, స్ట్రాతో వద్దు. మజ్జిగన్నం చల్లగా తినవచ్చు. మర్నాటి నుంచి 0.2 శాతం క్లోర్‌హెక్సిడిన్‌తో రోజుకు రెండుసార్లు పుక్కిలించాలి. ఫ్లాప్ చేసిన చోట రెండు వారాలు బ్రష్ తగలకూడదు. పన్ను తీసిన చోట కుట్లు వారానికి, ఫ్లాపు కుట్లు పది నుంచి పద్నాలుగు రోజులకు తీయండి.

రక్తం అంటిన దూది, గాజుగుడ్డ పసుపు సంచిలో, సూదులు తెల్లని గట్టి డబ్బాలో, గాజు ట్యూబులు నీలం పెట్టెలో, ప్లాస్టిక్ ట్యూబులు ఎర్ర సంచిలో వేయాలి. ఈ చెత్త తీసే అమ్మాయికి కూడా హెపటైటిస్ బి టీకా వేయించండి, ఖర్చు మీరే పెట్టుకోండి.

ఫ్లాప్ చేసిన చోట ఆరు నెలలు గడవనిదే ప్రోబ్ (చిగురు లోతు కొలిచే పుల్ల) పెట్టవద్దు. ఎక్స్‌రే ఆరో నెలలో, తొమ్మిదో నెలలో మొదటిసారి తీసిన కోణంలోనే తీసి, పక్కపక్కన పెట్టి రోగికి చూపించండి. ఎక్స్‌రేలతో పాటు ఒక కాగితంలో మీ యంత్రం వ్యాసార్ధం, ఆర్‌పీఎమ్, వాడిన ట్యూబు పేరు కూడా రాసి ఫైలులో పెట్టండి.