కీర్తన రాయడం నేర్చుకుందాం – 5వ పాఠం: వాక్యాన్ని పాటలోకి తేవడం

పోయిన పాఠంలో పల్లవి, చరణాల లెక్క చూశాం. లెక్క కుదిరినా చాలామంది పాటల్లో బైబిలు వాక్యం అతికించినట్టే ఉంటుంది. దాన్ని పాటలో కలిపేయడం ఎలాగో వేల్స్ దేశపు రైతుబిడ్డ ఆన్ గ్రిఫిత్స్ దగ్గర నేర్చుకుందాం.

ఆమె 1776లో మాంట్‌గోమరీషైర్‌లోని ఒక పల్లెలో పుట్టింది. మెథడిస్టు ఉజ్జీవంలో మారుమనస్సు పొందింది. ప్రభువు బల్ల కోసం కొండలు దాటి బాలా పట్టణానికి వెళ్లేది. 1805లో, పుట్టిన బిడ్డ చనిపోయిన కొద్దిరోజులకే తానూ కన్నుమూసింది. అప్పటికి 29 ఏళ్లు.

ఆమె పాటల్లో బాగా పేరున్నది గొంజిచెట్ల మధ్య నిలబడ్డవాడి గురించి. ఇది జెకర్యా 1:8లోని దర్శనం. అక్కడ రాత్రి ఉంది, ఎర్ర గుర్రం ఉంది. ఆన్ ఆ రెండూ వదిలేసి చెట్లనూ, నిలబడ్డ మనిషినీ మాత్రమే ఉంచుకుంది. వెంటనే తన మాట కలిపింది: నా మనసంతా ఇవ్వదగినవాడు ఈయనే, కానీ నేనింకా పూర్తిగా ఎరగను. చివర ఆయన్ను ఉన్నట్టుగానే చూసే ఉదయానికి స్వాగతం చెప్పింది. ఆ చూపు 1 యోహాను 3:2లోది. రాత్రి దర్శనంతో మొదలైన చరణం తెల్లవారడంతో ముగుస్తుంది. రెండు వాక్యాల మధ్య ఆమె ఆరాటమే వంతెన. నన్నడిగితే పాటంతటికీ ప్రాణం ఆ 'ఇంకా ఎరగను' దగ్గరే ఉంది. మనమైతే అక్కడ ఇంకో స్తుతిమాట పెట్టేసేవాళ్లం.

ఈ పాటలు మిగలడమే విచిత్రం. ఆమె చేతిరాతలో దొరికింది ఒక ఉత్తరం, దాంతోపాటు ఒక్క చరణం. మిగతా పాటల్లో చాలావరకు ఇంట్లో పనిచేసిన రూత్‌కు నోటికి వచ్చు. రూత్ చెబుతుంటే ఆమె భర్త జాన్ హ్యూస్ రాసుకున్నాడు. 1806లో బాలాలో అచ్చయ్యాయి.

ఇక మీ పని. మీకు కంఠతా వచ్చిన వాక్యం ఒకటి తీసుకోండి. అందులో కంటికి కనిపించే ఒక్క వస్తువునే ఉంచి మిగతావి కొట్టేయండి. దాని ముందు నిలబడితే మీకేమనిపిస్తుందో రెండు పంక్తులు రాయండి. సందేహం ఉంటే సందేహమే రాయండి. తర్వాత కాగితం చూపించకుండా ఇంట్లో ఎవరికైనా పాడి వినిపించండి. మర్నాడు వాళ్లనే పాడమనండి. ఎక్కడ తడబడితే ఆ పంక్తి మళ్లీ రాయండి.