బీట్ హజార్డ్‌లో పాటకు తగ్గట్టు తూటాలు పేలడం లేదా?

మన దగ్గరున్న పాటలతో ఆడే అంతరిక్ష యుద్ధ వీడియో గేమ్ బీట్ హజార్డ్‌లో శత్రు ఓడలు ఎప్పుడు విరుచుకుపడాలో, మన తూటాలకు ఎంత బలం ఉండాలో తేల్చేది మనం పెట్టిన పాటే. 2009లో ఎక్స్‌బాక్స్ 360కి, 2010లో కంప్యూటర్ గేములు అమ్మే స్టీమ్‌కి వచ్చిన ఈ గేమ్‌లో గానీ, 2012 నాటి సింఫనీ లాంటి ఇదే తరహా గేముల్లో గానీ ఏదైనా తేడా కొడితే జనం ముందు గ్రాఫిక్స్ సెట్టింగుల్లోకి దూరతారు. లేదంటే గేమ్ తీసేసి మళ్లీ ఎక్కిస్తారు. చాలాసార్లు తప్పు అక్కడ ఉండదు. పాట ఫైల్‌లోనో, సౌండ్ వచ్చే దారిలోనో ఉంటుంది.

తూటాల్లో పస లేదు

ఆట మొదట్లో అయితే ఇది సమస్యే కాదు. బీట్ హజార్డ్ పాటను కావాలనే తగ్గించి మొదలుపెడుతుంది. పేలిన ఓడల నుంచి రాలే వాల్యూమ్, పవర్ గుర్తులను ఏరుకుంటేనే సౌండూ తూటాల బలమూ పెరుగుతాయి. మూలన నక్కి కాలుస్తూ కూర్చుంటే అవి అందవు.

అవన్నీ ఏరినా అంతేనా? అప్పుడు ఫైల్‌ను అనుమానించండి. క్యాసెట్ల నుంచి ఎక్కించిన పాత సినిమా పాటల ఎంపీ3ల్లో సౌండ్ బాగా తక్కువగా ఉండటం మామూలే. సౌండ్ ఫైళ్లను సరిదిద్దే ఉచిత సాఫ్ట్‌వేర్ ఆడాసిటీలో తెరిచి చూస్తే పాట మధ్య గీతను అంటుకుని సన్నటి దారంలా కనిపిస్తుంది. మొత్తం సెలెక్ట్ చేసి, ఎఫెక్ట్ మెనూలో నార్మలైజ్ ఎంచుకుని, మైనస్ 1 డెసిబెల్ దగ్గర పెట్టండి. కొత్త పేరుతో సేవ్ చేయండి, అసలు ఫైల్ జోలికి వెళ్లొద్దు. అయినా పాట పెరగలేదంటే ఎక్కడో ఒకచోట ‘టక్’మని పెద్ద చప్పుడు ఉండి ఉంటుంది. నార్మలైజ్ దాన్నే గరిష్ఠంగా లెక్కేసి అక్కడితో ఆగిపోతుంది. నిటారుగా లేచిన ఆ ఒక్క గీతను కోసేసి మళ్లీ చేస్తే సరి.

దీనికి పూర్తిగా తిరగబడ్డ కేసు డీజే రీమిక్స్‌లు. పెడితే హుషారుగా ఉంటుందనుకుంటాం గానీ, మొదటి నుంచి చివరిదాకా ఒకటే మోత, స్క్రీనంతా తెల్లటి వెలుగు. ఎగుడుదిగుళ్లు లేని పాటకు సెట్టింగుల్లో మందు లేదు, పాట మార్చడమే. నన్నడిగితే పల్లవి అయ్యాక వయొలిన్లు ఉప్పెనలా లేచి, చరణం దగ్గర మళ్లీ తగ్గే పాటలే ఈ గేమ్‌కి బాగా కుదురుతాయి.

పాట లిస్టులోనే లేదు

స్ట్రీమింగ్ యాప్‌లో డౌన్‌లోడ్ చేసిన పాట తాళం వేసిన ఫైల్. ఆ యాప్ తప్ప ఇంకేదీ దాన్ని తెరవలేదు. సొంత ఎంపీ3 ఉండాల్సిందే. ఎం4ఏ అనే మరో రకం పాట ఫైల్ మొరాయిస్తే ఎంపీ3గా మార్చండి. పాత గేముల్లో ఫైల్ పేరు తెలుగు లిపిలో ఉన్నా ఇబ్బంది రావచ్చు. ఇంగ్లిష్ అక్షరాల్లోకి మార్చి చూడండి.

ఓపెన్ మైక్ పెట్టినా ఉలుకూ పలుకూ లేదు

బీట్ హజార్డ్ 2లో ఉన్న సదుపాయం ఇది. కంప్యూటర్‌లో ఏ పాట మోగుతున్నా గేమ్ దాన్ని విని ఆడిస్తుంది. వినిపించుకోకపోతే విండోస్ సౌండ్ సెట్టింగుల్లో అవుట్‌పుట్ ఏదని చూడండి. హెచ్‌డీఎంఐ మానిటర్ తగిలించగానే సౌండ్ అటు మళ్లిపోయి, గేమ్ ఇంకోచోట చెవి పెట్టుకుని కూర్చుని ఉండొచ్చు. పాట ప్లేయర్‌లో వాల్యూమ్ ఫుల్‌గా ఉంచి, ఎక్కువైతే హెడ్‌ఫోన్ దగ్గర తగ్గించుకోండి. మధ్యలో వాట్సాప్ ‘టింగ్’మంటే అదీ గేమ్‌కి పాటే, అందుకని ఆడేటప్పుడు నోటిఫికేషన్లు ఆపేయండి.

పేలుడు ముందు, డప్పు దెబ్బ తర్వాత

బ్లూటూత్ హెడ్‌ఫోన్ వాడుతున్నారా? దాని సౌండ్ సెకనులో పదో వంతు నుంచి ఐదో వంతు దాకా, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా చెవికి చేరుతుంది. సినిమా ప్లేయర్లు బొమ్మను కూడా ఆపి సర్దుతాయి కాబట్టి అక్కడ తెలియదు. గేమ్‌లో అలా కుదరదు. వైరు హెడ్‌ఫోన్ పెట్టండి. టీవీలో ఆడుతుంటే బొమ్మే వెనకబడుతుంది, టీవీ సెట్టింగుల్లో గేమ్ మోడ్ ఆన్ చేయండి.

కళ్లు చెదురుతున్నాయి, తల తిరుగుతోంది

మెరుపుల తీవ్రత తగ్గించే విజువల్ ఇంటెన్సిటీ సెట్టింగ్ ఉంది, కిందికి దించండి. గదిలో లైటు వేసి, స్క్రీన్‌కి కాస్త దూరం జరగండి. మూర్ఛ, ఫిట్స్ ఉన్నవాళ్లకు మాత్రం ఏ సెట్టింగూ చాలదు, ఈ గేమ్ ఆడకూడదు. పక్కన కూర్చుని చూసేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది.