కార్లు లేని అడవి దారిలో సైకిల్

వర్జీనియా, మేరీలాండ్‌లలో గ్రావెల్ సైకిల్ (కంకర దారుల మీద తొక్కే సైకిల్) ఉన్న మనవాళ్లు వెస్ట్ వర్జీనియాలోని గ్రీన్‌బ్రయర్ రివర్ ట్రైల్‌కి ఒకసారి తప్పకుండా వెళ్లండి. పాత రైలు మార్గం మీద వేసిన కంకర దారి అది. అప్పలాచియన్ కొండల అడవిలో, నది పక్కనే దాదాపు 78 మైళ్లు సాగుతుంది. మోటారు బళ్లకు ప్రవేశం లేదు, పిల్లల్ని నిశ్చింతగా ముందు వదలొచ్చు.

ఉత్తరాన క్యాస్‌లో మొదలెట్టి కాల్డ్‌వెల్ వైపు తొక్కండి. నది పారే దిక్కే కాబట్టి సన్నటి పల్లం కలిసొస్తుంది. షార్ప్స్ టన్నెల్ 500 అడుగుల పైనే ఉంటుంది, పగలైనా లైటు కావాలి. దాన్ని ఆనుకునే నది మీద వంతెన, అక్కడ కాసేపు ఆగాల్సిందే! గ్రీన్ బ్యాంక్ రేడియో టెలిస్కోప్ దగ్గర్లో ఉండటంతో, దానికి అడ్డు రాకుండా రేడియో సిగ్నళ్లపై ఆంక్షలుంటాయి, అందుకే ఫోన్ సిగ్నల్ అంతంతమాత్రం. మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.