హెచ్-ఇండెక్స్ ఒక్కటే చూడకండి

పీహెచ్‌డీ గైడును ఎంచుకునేటప్పుడు గూగుల్ స్కాలర్‌లో హెచ్-ఇండెక్స్ ఒక్కటే చూసి నిర్ణయించుకోకండి. 2005లో భౌతిక శాస్త్రవేత్త హిర్ష్ ప్రతిపాదించిన ఈ లెక్క తేలికే: 20 అంటే, కనీసం 20 సైటేషన్ల (ఇతర పత్రాల్లో ఉటంకింపుల) చొప్పున వచ్చిన పరిశోధన పత్రాలు 20 ఉన్నాయని. ఆ సైటేషన్లు ఎవరివో అది చెప్పదు. అందుకే పేరున్న పత్రం కింద ‘సైటెడ్ బై’ నొక్కి, మొదటి రెండు పేజీల్లోని పేర్లు చదవండి. సొంత బృందమే పదేపదే కనిపిస్తే ఆ సంఖ్యను తగ్గించి చూడాలి. సహరచయితల్లో విద్యార్థుల పేర్లు ముందు వరుసలో ఉన్నాయా? గణితంలో అక్షర క్రమం పాటిస్తారు గానీ, ప్రయోగశాస్త్రాల్లో నాకు అన్నిటికంటే విలువైన ఆనవాలు అదే.

మన పేర్లతో ఇంకో చిక్కు. ‘కె. రావు’లు ఎందరో, ఒకరి పత్రాలు మరొకరి ఖాతాలో చేరిపోతుంటాయి. పరిశోధకులకు విడివిడిగా ఇచ్చే 16 అంకెల గుర్తింపు సంఖ్య ఆర్కిడ్ (ORCID)తో సరిచూడండి. మీరూ మొదటి పత్రం పంపకముందే దాన్ని తీసుకోండి, ఉచితమే.