ఇల్లు అమ్ముతున్నారా? రిజిస్ట్రేషన్‌కి ముందే కొనేవాళ్లను ఒకసారి కలవండి

మధ్యవర్తి ఉన్నాడు కదా, మనకెందుకులే అని చాలామంది కొనేవాళ్ల మొహం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులోనే మొదటిసారి చూస్తారు. దయచేసి అలా చేయకండి. అగ్రిమెంట్ రాసుకున్నాక, రిజిస్ట్రేషన్‌కి ఓ వారం ముందు వాళ్లను కుటుంబంతో సహా ఇంటికి పిలవండి.

మా ఇల్లు అమ్మినప్పుడు మేం ఇదే చేశాం. బోరు మోటారు స్విచ్ ఎక్కడుందో, వానొస్తే మేడమీద ఏ మూల నీళ్లు నిలుస్తాయో దాచకుండా చూపించాం. ఫ్యాన్లు ఉంచేస్తాం, గీజరు, ఇన్వర్టరు తీసుకెళ్తాం అని ఎదురుగానే చెప్పేశాం. పెరట్లో కరివేపాకు చెట్టు దగ్గర ఆగి కొనేవాళ్లావిడ "దీన్ని కొట్టించమండీ" అంది. మా అమ్మకి ప్రాణం లేచొచ్చింది.

ధర మాట మాత్రం మళ్లీ ఎత్తనివ్వకండి, అది అగ్రిమెంట్‌తోనే అయిపోయింది. అడగాల్సినవి వేరే ఉన్నాయి. బ్యాంకు లోన్ మంజూరైందా? డీడీ ఏ రోజుకి చేతికొస్తుంది? ధర 50 లక్షలు, ఆపైన ఉంటే కొనేవాళ్లు అందులో 1 శాతం టీడీఎస్ (మీకిచ్చే డబ్బులోంచే మినహాయించే ఆదాయపు పన్ను) కట్టాలి. అందుకు మీ పాన్ నంబరు కావాలి, అప్పుడే ఇచ్చేయండి. (అమ్మేవాళ్లు ఎన్నారై అయితే ఈ లెక్క వేరు, ముందే ఆడిటర్‌ని అడగండి.) "కొంత క్యాష్ ఇస్తాం" అంటే అస్సలు ఒప్పుకోవద్దు. ఇల్లు, స్థలం అమ్మకంలో 20 వేలు, ఆపైన నగదు తీసుకుంటే తీసుకున్నంతా జరిమానాగా పడొచ్చు.

లింకు డాక్యుమెంట్ల (ఆ ఇల్లు ఇదివరకు చేతులు మారినప్పటి పాత దస్తావేజుల) ఒరిజినల్స్ చూపించండి. పూర్తి డబ్బు అందేదాకా చేతికి మాత్రం ఇవ్వకండి.